మట్టం వేరు, చదును వేరు

పాఠకుల ప్రశ్నలకు నేలపని మేస్త్రీ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వినైల్ ప్లాంకుల గురించే, అంటే నేల మీద పరిచే పొడుగాటి ప్లాస్టిక్ పలకల గురించే. అందుకని ఈ సంచికలో నాకిచ్చిన పేజీలన్నీ వాటికే వాడుకుంటున్నాను. ముప్పై ఏళ్ళుగా నేలలు పరుస్తున్నాను. మొదటి పదిహేనేళ్ళు తాపీ పట్టుకుని, ఆ తర్వాత ఈ ప్లాంకులతో. పైన కనిపించే పలక గురించి తక్కువా, కింద కనపడకుండా పోయే కాంక్రీటు గురించి ఎక్కువా రాస్తాను. పనంతా అక్కడే ఉంది మరి.

ప్రశ్న: మేస్త్రీగారూ, నమస్కారం. మా హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. పాత తివాచీ పీకేస్తే కింద కాంక్రీటు బయటపడింది. నడుస్తుంటేనే కాలికి తెలిసిపోతోంది, నడిమధ్యలో ఒక గుంట, కిటికీ వైపు ఒక మిట్ట. ఐదు మిల్లీమీటర్ల మందం వినైల్ ప్లాంకులు, గట్టి రకం, ఒకదాంట్లో ఒకటి దిగి బిగిసేవి తెచ్చి పెట్టుకున్నాం. మావారు రసమట్టం పెట్టి చూసి, గది ఈ కొస నుంచి ఆ కొసకి అంగుళం వాలి ఉందంటున్నారు. అయితే గదంతా అంగుళం దాకా పోసి లేపాలా? పని మేమిద్దరమే చేసుకోవాలని ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ అంగుళం బెంగ తీసేస్తాను. గది లేపక్కర్లేదు.

మా పనిలో రెండు మాటలున్నాయి, మట్టం, చదును. రసమట్టంలో బుడగ నడిమికొచ్చి నిలిస్తే మట్టం. నేల మీద తిన్నటి బద్ద పెట్టినప్పుడు దాని కింద ఎక్కడా సందు లేకపోతే చదును. ఒక బల్లకి రెండు కాళ్ళ కింద ఇటుకలు పెట్టండి. బల్ల మట్టం పోయింది, కానీ పైచెక్క చదును ఎక్కడికీ పోలేదు. మీ ప్లాంకులకి కావలసింది ఆ పైచెక్క లాంటి నేల. గది మొత్తం ఒకే తీరుగా ఒక పక్కకి వాలి ఉంటే వాటికి ఏ ఇబ్బందీ లేదు. గుంటా మిట్టా మాత్రం పనికిరావు.

ఎంతవరకు ఓర్చుకుంటాయి? చాలామంది తయారీదార్లు పది అడుగుల దూరంలో 3/16 అంగుళం, అంటే సుమారు 5 మిల్లీమీటర్ల తేడా దాటకూడదని రాస్తారు. కొందరు ఇంకా బిగించి ఆరు అడుగుల్లో 1/8 అంగుళం, అంటే 3 మిల్లీమీటర్లు అంటారు. మీ పెట్టెలో మడిచి పెట్టిన కాగితం ఉంటుంది, పారేయకుండా చదవండి. హామీ నిలబడేదీ పోయేదీ ఆ కాగితంలో రాసిన అంకె మీదే.

ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. మీరు తెచ్చుకున్న గట్టి రకాన్ని ఎస్‌పీసీ అంటారు. దాని గుండెకాయ సున్నపురాతి పొడీ, పీవీసీ కలిపి అదిమిన పలక. అది మెత్తగా వంగి గుంటలోకి కూర్చోదు, గుంట మీద వంతెనలా నిలబడుతుంది. మీరు అడుగు వేసిన ప్రతిసారీ ఆ వంతెన దిగుతుంది, తీయగానే లేస్తుంది. బరువంతా పలక అంచున ఉన్న సన్నటి నాలుక మీదా, అది దిగిన గాడి మీదా పడుతుంది. తీగని అటూ ఇటూ వంచితే మొదటి వంపులో తెగదు, వంచగా వంచగా ఒక వంపులో తెగుతుంది. ఇదీ అంతే. పరిచిన రోజు అద్దంలా ఉంటుంది. కొన్ని నెలలకి ఒక అతుకు నోరు తెరుస్తుంది.

ఇప్పుడు పని. ఆరు నుంచి పది అడుగుల అల్యూమినియం బద్ద ఒకటి సంపాదించండి. ముందు ఆ బద్ద తిన్నగా ఉందో లేదో తేల్చుకోవాలి. నేల మీద దాని అంచు వెంట పెన్సిల్ గీత గీసి, బద్దని తిరగేసి అదే అంచుని గీతకి ఆనించండి. గీతా అంచూ కలిసిపోతే బద్ద మంచిది. మధ్యలో విడిపోతే పక్కన పెట్టేయండి. వంకర బద్దతో చూస్తే మంచి నేల కూడా వంకరగానే కనపడుతుంది.

తర్వాత గదిని గడియారంలా చూడాలి. బద్ద ఒక కొసని ఒకచోట ఆనించి ఉంచి, రెండో కొసని ముల్లు తిప్పినట్టు తిప్పుతూ రావాలి. చేతిలో 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు ఒకటి పట్టుకోండి, మీ కాగితంలో ఆరు అడుగులకి 3 అని ఉంటే 3 మిల్లీమీటర్లది. దాని నున్నటి కాడ బద్ద కింద దూరిందంటే అది పూడ్చాల్సిన గుంట, సుద్దతో చుట్టూ గీసి లోతు పక్కనే రాసేయండి. బద్ద రెండు కొసలూ తక్కెడలా ఊగితే అక్కడ మిట్ట, దానికి అడ్డగీతలు పెట్టండి. రాత్రి దీపాలార్పి టార్చిని నేలకి ఆనించి వేస్తే, పగలు కంటికి ఆనని మిట్టలన్నీ నీడలతో సహా లేచి కనపడతాయి. నేను ఇప్పటికీ ఒక సాయంత్రం దీని కోసమే కేటాయిస్తాను.

గీతలన్నీ అయ్యాక ఎక్కువమంది గుంటలు పూడ్చడానికి పరిగెత్తుతారు. ఆగండి. ముందు మిట్ట కొట్టాలి. ఆరు మిల్లీమీటర్ల మిట్ట ఒకటి మధ్యలో ఉంటే దాని చుట్టూ ఉన్న మంచి నేల కూడా గుంటలాగే కొలతకి వస్తుంది. ఆ మిట్ట తీసేసి మళ్ళీ బద్ద పెట్టండి, చుట్టూ గీసుకున్న గుంటల్లో సగం మాయమవుతాయి. గుంటలు పూడ్చే సిమెంటు పిండి సంచులూ మిగులుతాయి, నడుమూ మిగులుతుంది.

మిట్ట తీయడానికి యాంగిల్ గ్రైండరుకి డైమండ్ కప్ చక్రం బిగించాలి. ఇక్కడ మాత్రం నా మాట కొట్టిపారేయొద్దు. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, కంటికి కనపడనంత సన్నటిది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. ఒకసారి వచ్చిందంటే తగ్గేది కాదు. గ్రైండరు చుట్టూ దుమ్ము పట్టే గొడుగు, దానికి అతి సన్నటి దుమ్ముని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్, ముక్కుకి బిగుతుగా కూర్చునే మాస్కు, కంటికి అద్దాలు, ఇవన్నీ ఉంటేనే చక్రం తిప్పండి. ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. నాతో పాటు పని మొదలుపెట్టినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు పది మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఆ రోజుల్లో మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఇంకొకటి. పాత తివాచీ కింద నల్లటి తారులాంటి జిగురు గానీ, దశాబ్దాల నాటి చిన్న పలకలు గానీ అంటుకుని ఉంటే వాటి మీద చక్రం పెట్టకండి, గీకకండి. అలాంటి పాత సరుకులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం ఉంది. చిన్న ముక్కని ప్రయోగశాలలో చూపించి తేల్చుకున్నాకే ముందుకి.

మిట్ట పోయాక నేల ఊడ్చి, వాక్యూమ్ పట్టి, నీటి చుక్కలు వేసి చూడండి. నిమిషంలో ఇంకిపోతే కాంక్రీటు నోరు తెరిచి ఉన్నట్టు, పైన పూసింది పట్టుకుంటుంది. చుక్క ముత్యంలా నిలిచిపోతే పైన రంగో, మైనమో, పాత జిగురో ఉన్నట్టు. దాన్ని తీసేసేదాకా ఏది పోసినా పొరలా లేచిపోతుంది.

ఇక గుంట. గుంట అనగానే సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్, అంటే నీళ్ళతో కలిపి పోస్తే తనంతట తానే పరుచుకునే సిమెంటు పిండి, పోసేయమని అందరూ చెబుతారు. మీ గదికి అది వద్దంటాను. ఎందుకంటే అది నీటి గుణం ఉన్న వస్తువు, చదును కోసం కాదు, మట్టం కోసం వెతుక్కుంటుంది. మీ గది పదహారు అడుగుల్లో అంగుళం వాలుగా ఉంది, అంటే మీటరుకి ఐదు మిల్లీమీటర్లు. రెండు మీటర్ల గుంట అనుకుంటే దాని పై అంచుకీ పల్లపు అంచుకీ సెంటీమీటరు తేడా. మీరు పోసింది పల్లపు అంచు దాకా నిండి అక్కణ్ణించి పొర్లి గోడవైపు పోతుంది. పైవైపు సగం గుంట గుంటగానే మిగులుతుంది. పైగా కింద కొత్తగా ఒక గట్టు లేస్తుంది.

మీకు కావలసింది చిక్కగా నిలబడే సిమెంటు ప్యాచింగ్ మాలు. గోడకి మాలు కొట్టి బద్దతో లాగినట్టే ఇదీ. సంచి మీద చెప్పిన ప్రైమరు, అంటే పట్టు కోసం ముందుగా వేసే పూత, పూసి, అది ఆరాక మాలు గుంటలో పరిచి, గుంట కంటే పొడుగైన బద్దని రెండు పక్కలా మంచి నేల మీద ఆనించి, అటూ ఇటూ కోస్తున్నట్టు కదుపుతూ మీవైపు లాగండి. నేల వాలు ఎటుందో మాలు కూడా అటే వాలి కూర్చుంటుంది. అంచుల దగ్గర ఉక్కు తాపీతో కాగితమంత పల్చన చేసి కలిపేయాలి. ఒక్కసారికి ఎంత మందం వేయొచ్చో సంచి మీద ఉంటుంది. లోతు అంతకంటే ఎక్కువైతే రెండు పూతలు వేయండి.

ఎంత పిండి కావాలో లెక్క తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందం అంటే ఒక లీటరు. మీ గది సుమారు 18 చదరపు మీటర్లు. అందులో మూడో వంతు, ఆరు చదరపు మీటర్లు గుంట అనుకుని సగటు లోతు నాలుగు మిల్లీమీటర్లు వేసుకుంటే 24 లీటర్లు. ఒక్కో లీటరుకి పిండి సుమారు 1.7 కిలోలు పడుతుంది, అంటే 40 కిలోల పైచిలుకు. 25 కిలోల సంచులు రెండు చాలు. మూడోది తెచ్చి విప్పకుండా పక్కన పెట్టుకోండి. సగంలో సరుకు అయిపోతే ఆగిన గీత దగ్గర అతుకు పడుతుంది.

ఆరాక మళ్ళీ బద్ద పెట్టి, గడియారపు ముల్లులా తిప్పి చూడాలి. రెండో కొలతలో కూడా డ్రిల్ బిట్టు దూరిన చోటు ఒకటో రెండో తగులుతాయి, నాకూ తగులుతాయి. సుద్ద గీతలన్నీ తుడిచేశాకే ప్లాంకు పెట్టె విప్పండి.

ప్రశ్న: మా ఇంటి కింది అంతస్తు కొత్తగా కట్టింది. నాలుగు అంగుళాల కాంక్రీటు పోసి రెండు నెలలైంది. 28 రోజులు దాటింది కాబట్టి ప్లాంకులు వేసేసుకోవచ్చని కట్టినాయన అంటున్నారు. పైకి తెల్లగా ఆరిపోయే కనిపిస్తోంది. వేసేయమంటారా?

జవాబు: వద్దు. 28 రోజుల లెక్క కాంక్రీటు బలానికి పెట్టింది, ఆరడానికి కాదు. బలపడటానికి కాంక్రీటు నీళ్ళని తనలో ఉంచుకోవాలి, ఆరడానికి బయటికి వదలాలి. రెండూ ఎదురుబొదురు పనులు. ఆరడానికి మా చేతి లెక్క అంగుళానికి నెల. అంటే మీ నాలుగు అంగుళాలకి నాలుగు నెలలు, అదీ పైకప్పు పడి, కిటికీలు బిగిసి, లోపలికి వాన రాకుండా అయిన రోజు నుంచి. ఇది మోటు లెక్క మాత్రమే, పరీక్ష చేసి చూడందే నమ్మకూడదు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. అడుగున్నర చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని నేల మీద పరిచి నాలుగు పక్కలా టేపు అంటించి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. తీసినప్పుడు కింద నీటి బొట్లున్నా, కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. అయితే ఏమీ కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. ఆ కాగితం నేల పైపొర సంగతే చెబుతుంది. చెమ్మ ఉండేది అడుగున. పైన పలక పరిచి మూసేశాక అడుగున ఉన్నది మెల్లగా పైకి సర్దుకుంటుంది.

నిజం తేల్చేది లోపలి తేమ కొలత. దాని పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ పెట్టిన ఏఎస్‌టీఎం ఎఫ్ 2170 అనే ప్రమాణంలో రాసిపెట్టారు. ఒకవైపు నుంచే ఆరే నేలయితే మందంలో 40 శాతం లోతుకి రంధ్రం వేసి అందులో చిన్న కొలత పరికరం దించుతారు. మీ నాలుగు అంగుళాల నేలలో అది పైనుంచి సుమారు నాలుగు సెంటీమీటర్లు. ఒక రోజు ఉంచి గాలిలో తేమ శాతం చదువుతారు. ఎంత శాతం దాకా ఒప్పుకుంటారో మీ ప్లాంకు కాగితంలో ఉంటుంది, ఎక్కువ చోట్ల 75 నుంచి 85 మధ్య రాస్తారు. ఈ పరీక్షకి ఒక మనిషిని పిలవడం దండగ అనుకోవద్దు.

వినైల్ తడికి చెడదు కదా అని చాలామంది నన్ను అడుగుతారు. నిజమే, పలక చెడదు. దాని కింద చిక్కుకున్న నీరు చెడగొట్టేది మిగతా వాటిని. బూజు పడుతుంది, కాంక్రీటులోని క్షారం పైకొచ్చి తెల్లటి పొడిగా పేరుకుంటుంది, జిగురుతో అంటించే రకమైతే ఆ జిగురు మెత్తబడి పలకలు జారతాయి. గట్టి కాంక్రీటు మీద తేలే రకం, అంటే నేలకి అంటించకుండా ఊరికే పరిచేది, వేసేటప్పుడు కింద 0.15 మిల్లీమీటర్ల పాలిథీన్ పరవమని చాలా కంపెనీలు అడుగుతాయి. ఒక పట్టా మీదికి ఇంకో పట్టా ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎక్కించి టేపు వేయాలి. అయితే ఆ పట్టా ఎప్పుడూ ఉండే కొద్దిపాటి ఆవిరిని ఆపడానికి, పచ్చి నేలని దాచిపెట్టడానికి కాదు. ఇంకో రెండు మూడు నెలలు కిటికీలు తెరిచి పెట్టుకోండి.

ప్రశ్న: బాబాయ్‌గారూ, నేనే స్వయంగా మా గదిలో సెల్ఫ్ లెవెలింగ్ పోశాను. చక్కగా పారింది. మర్నాడు చేత్తో రుద్దితే తెల్లటి పొడి రాలుతోంది. తాళంచెవితో గీస్తే గాడి పడుతోంది. ఒక మూల తడితే డొల్లగా మోగుతోంది. దీని మీదే ప్లాంకులు వేసేస్తే కప్పబడిపోతుంది కదా?

జవాబు: కప్పబడుతుంది నాయనా, కానీ ఆగదు. నీ ఉత్తరం చదువుతుంటే నా పాత పని ఒకటి కళ్ళ ముందుకొచ్చింది.

ప్లాంకుల పనిలోకి దిగిన మూడో ఏడు అది. ఒక పడకగదికి సెల్ఫ్ లెవెలింగ్ కలుపుతున్నాను. నీళ్ళు కొలవలేదు, తాపీపనిలో అలవాటైన కంటి లెక్కతో పోశాను. కాస్త చిక్కగా అనిపించి ఇంకో చెంబుడు కలిపాను. అద్దంలా పారింది, మనసు నిండిపోయింది. మర్నాడు పైన సన్నటి పొడి కనపడితే చీపురుతో ఊడ్చేసి ప్లాంకులు పరిచేశాను. నాలుగు నెలలకి ఆ ఇంటావిడ కబురు పంపారు, నడుస్తుంటే ఇసుక మీద నడిచినట్టు కరకరమంటోందని. వెళ్ళి విప్పితే పైపొర మొత్తం నలిగి పిండైపోయి ఉంది. గదంతా పీకి, గీకి, మళ్ళీ పోసి, కొత్త పలకలు నా చేతి నుంచే తెచ్చి పరిచాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండుననిపించింది. ఆ రోజు నుంచి గీతలున్న కొలత పాత్ర లేకుండా నేను ఒక్క సంచి విప్పలేదు.

నీళ్ళెక్కువైతే జరిగేది ఇది. బరువైన ఇసుక కిందికి దిగిపోతుంది, సిమెంటు తేట పైకి తేలుతుంది. పైన సుద్దలాంటి బలహీనపు పొర కడుతుంది. సంచి మీద ఎన్ని లీటర్లని రాసి ఉందో అన్నే పోయాలి, వేసవైనా, చిక్కగా తోచినా సరే. ముందు నీళ్ళు, తర్వాత పిండి. డ్రిల్లుకి కలిపే రెక్క తగిలించి, ఉండలు పోయేదాకా తిప్పాలి.

డొల్లగా మోగే మూలకి కారణం వేరు. అక్కడ ప్రైమరు పడలేదు, లేదా కింద దుమ్ము ఉండిపోయింది. ప్రైమరు లేకపోతే దాహంగా ఉన్న కాంక్రీటు పోసినదాంట్లోని నీళ్ళని గుటుక్కున తాగేస్తుంది, లోపలి గాలి బుడగలై పైకొస్తుంది, పట్టు చిక్కదు.

ఏం చెయ్యాలంటే, సుత్తి పిడితో గదంతా తట్టు. డొల్ల మోగిన చోటంతా సుద్ద గీసి, ఉలితో మొత్తం లేపేయాలి. మిగతా చోట పొడి రాలే పొరని గట్టి పొర తగిలేదాకా, నేను పైన చెప్పిన దుమ్ము జాగ్రత్తలన్నీ తీసుకుని, గ్రైండరుతో గీకేయి. తాళంచెవితో గట్టిగా గీసినా గాడి పడకూడదు, అది గుర్తు. తర్వాత ఊడ్చి, ప్రైమరు వేసి, మళ్ళీ పోసుకో.

ఈసారి ఒక్కడివే దిగకు. కలిపినది చేతిలో ఉండేది పదిహేను, ఇరవై నిమిషాలే. ఒకరు పోస్తుంటే ఒకరు తర్వాతి బకెట్టు కలుపుతూ ఉండాలి, ముందు పోసిన అంచు తడిగా ఉండగానే రెండోది దానికి తగలాలి. గది చుట్టూ గోడకి సన్నటి నురుగు (ఫోమ్) పట్టీ అంటించు, గుమ్మానికి అడ్డుకట్ట వేయి, గొట్టాలు దిగిన సందులన్నీ మూసేయి. వేలు పట్టే సందు చాలు, అరబకెట్టు అందులోంచి కిందికి జారిపోతుంది. ఎదుటి మూల నుంచి పోస్తూ గుమ్మం వైపు వెనక్కి రా. ముళ్ళ రోలరు ఒకసారి తిప్పితే బుడగలు పోతాయి. కిటికీలు మూసి, ఎండ పడకుండా తెర వేసి, పంకా ఆపేయి. త్వరగా ఆరాలని గాలి తగలనిచ్చినవాళ్ళందరి నేలలూ బీటలిచ్చాయి.

ప్రశ్న: గుంటలు పూడ్చే శ్రమ లేకుండా, ప్లాంకు అడుగున ఉన్న నురుగుకి తోడు ఇంకో మెత్తటి పరుపు వేస్తే సర్దుకుపోదా?

జవాబు: సర్దుకోదు. నురుగు గుంట దగ్గర ఎంత మందమో మిట్ట దగ్గరా అంతే మందం, కాబట్టి నేల ఆకారం మారదు. పైగా మెత్తదనం రెట్టింపై ప్రతి అడుగుకీ ప్లాంకు ఇంకా లోతుకి దిగుతుంది, అతుకులు ఇంకా త్వరగా విరుగుతాయి. అడుగున నురుగు అంటించి వచ్చే రకానికి రెండో పరుపు వేస్తే హామీ చెల్లదని ఎక్కువ కంపెనీలు రాసేస్తాయి. గుంటలో అట్టముక్కలు, ఇసుక, పాత తివాచీ ముక్కలు పెట్టడం కూడా ఇంతే.

ప్రశ్న: మా నేలలో రెండు గీతలున్నాయి. ఒకటి అడ్డదిడ్డంగా పోయిన బీట, ఒక అంచు రెండోదాని కంటే కొంచెం ఎత్తు. ఇంకొకటి రంపంతో కోసినట్టు తిన్నటి గాడి. రెండూ పూడ్చేసి ప్లాంకులు వేయొచ్చా?

జవాబు: తిన్నటి గాడి కావాలని కోసింది. కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుని ఎక్కడో ఒకచోట బీటలిస్తుంది కాబట్టి, ఆ బీట అక్కడే పడాలని కోస్తారు. నేల పూర్తిగా ఆరి ఉంటే తేలే ప్లాంకుల కింద దాన్ని ప్యాచింగ్ మాలుతో నింపుకోవచ్చు. భవనం రెండు భాగాల మధ్య కదలిక కోసం వదిలే సందు అయితే మాత్రం దాన్ని పూడ్చకూడదు, దాని మీంచి ప్లాంకు దాటించకూడదు. ప్లాంకులు కూడా అక్కడే ఆపి, పైన కప్పే పట్టీ వేయాలి.

నాకు భయం మొదటి బీట గురించి. వెంట్రుకవాసి బీట అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. ఒక అంచు లేచిందంటే కింద నేల కదిలింది, ఆగిందో లేదో తెలియాలి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి, మధ్యలో వెడల్పు కొలిచి రాయండి. కొన్ని నెలలు, ఒక తడి కాలం, ఒక పొడి కాలం గడిచేదాకా చూడండి. గీత దాటి సాగకపోతే ఎత్తైన అంచు గ్రైండరుతో తీసి, నింపి, పని మొదలుపెట్టండి. సాగితే ముందు ఇంజినీరుని పిలవండి.

ప్రశ్న: ప్లాంకులు వేయించి ఏడాదైంది. పెద్ద గాజు తలుపు దగ్గర రెండు అతుకులు గుడారంలా పైకి లేచాయి. గది మధ్యలో ఇంకోచోట అడుగు వేస్తే టక్ మంటోంది. రంధ్రం చేసి జిగురు ఎక్కిస్తే సరిపోతుందని ఒకరన్నారు. నిజమేనా అన్నయ్యా?

జవాబు: చెల్లెమ్మా, జిగురు ఎక్కించనివ్వకు. తేలే నేల మొత్తం ఒక్క దుప్పటిలా కదలాలి. ఒకచోట అంటించి బిగిస్తే మిగతా కదలిక భారమంతా దాని పక్క అతుకుల మీద పడుతుంది.

నీ ఇంట్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. గాజు తలుపు దగ్గరది ఎండ వల్ల. వినైల్ వేడికి సాగుతుంది, అద్దంలోంచి పడే ఎండ ఆ చోటుని గది కంటే బాగా వేడెక్కిస్తుంది. సాగడానికి గోడ దగ్గర చోటుంటే బాధ లేదు. గోడ అడుగున బిగించిన పట్టీ, అదే స్కర్టింగు, విప్పి చూడు. గోడకీ ప్లాంకుకీ మధ్య 6 నుంచి 10 మిల్లీమీటర్ల సందు కనపడాలి. తలుపు చట్రం దగ్గరో, గొట్టం చుట్టూనో ఆ సందు లేకుండా ప్లాంకు ఆనుకుని ఉంటుంది, తొంభై పాళ్ళు అదే. అక్కడ కోసి సందు ఇస్తే గుడారం దానంతటదే కూర్చోవచ్చు. వంటగది అల్మారాలు గానీ, కదలని భారీ అల్మారా గానీ ప్లాంకుల మీదే నిలబెట్టి బిగించి ఉంటే అదీ అంతే, దుప్పటికి మేకు కొట్టినట్టు. ఆ తలుపుకి తెర కూడా వేయించు.

గది మధ్యలో టక్ మనేది కింద గుంట. అది పైనుంచి తీరదు. దగ్గరి గోడ వైపు నుంచి స్కర్టింగు తీసి, వరస వెంట వరస ఆ చోటు దాకా విప్పాలి. విప్పే ప్రతి పలక వెనక పెన్సిల్‌తో వరస సంఖ్యా, అందులో దాని స్థానమూ రాసుకుంటూ పేర్చండి, తిరిగి పెట్టేటప్పుడు వెతుకులాట ఉండదు. గుంట దొరికాక మొదటి జవాబులో చెప్పినట్టు బద్దతో మాలు లాగి ఆరనివ్వాలి. నాలుకలు విరిగిన పలకలు తిరిగి వాడకూడదు. వేయించినప్పుడు మిగిలిన పెట్టె ఎక్కడైనా దాచారేమో అటక మీద వెతుకు. ఉంటే వేయడానికి రెండు రోజుల ముందే ఆ గదిలోకి తెచ్చి పడుకోబెట్టి ఉంచు, గది వేడికి అలవాటు పడాలి. బిగించేటప్పుడు అంచు మీద నేరుగా సుత్తి పడనివ్వకు, మధ్యలో చెక్కముక్క పెట్టి తట్టించు.